మూడేళ్లకు డబుల్

హిందూపురం శివార్లలో, పెనుకొండ హైవే పక్కన, ధర్మవరం దారిలో హద్దురాళ్లు పాతిన ప్రతి వెంచరుదీ ఒకటే జాతకం: మూడేళ్లకు డబుల్. ఈ లెక్కంటే నాకు మహా గౌరవం. 5 లక్షల ప్లాటు మూడేళ్లకోసారి రెట్టింపవుతూ పోతే ముప్పయ్యేళ్లకు 51 కోట్లు దాటుతుంది. అప్పుడు దాన్ని కొనే మహానుభావుడి పేరు మాత్రం బ్రోచరులో వేయరు.

లెక్క కట్టడం చాలా సులువు. మ్యాపు తీసి బెంగళూరు దేవనహళ్లి విమానాశ్రయం నుంచి స్కేలు పెట్టి గీత గీయాలి. ఆ గీత మీద చెరువున్నా గుట్టున్నా ‘గంట ప్రయాణమే’. తర్వాత కియా కార్ల ఫ్యాక్టరీని కలపాలి. 2017లో ఒప్పందం, 2019లో ఎర్రమంచి నుంచి కార్లు. ఇది అబద్ధం కాదు. కానీ చుట్టుపక్కల ప్రతి ప్లాటూ ‘కియాకు ఎదురుగానే’ ఉంది. ఒక ఫ్యాక్టరీకి ఇన్ని ముఖాలా!

కొత్త జిల్లా కేంద్రం మాకే కావాలని హిందూపురం పోరాడింది. 2022లో అది పుట్టపర్తికి దక్కింది. అయినా ఏజెంటు లెక్క చెదరలేదు. కేంద్రం వస్తే వచ్చిందని ధర పెరుగుతుంది, రాకపోతే ఎప్పటికైనా వస్తుందని పెరుగుతుంది.

బ్రోచరెక్కని ఊళ్లూ ఉన్నాయి. లేపాక్షి నాలెడ్జ్ హబ్ పేరుతో చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో 8,800 ఎకరాలకు పైగా కేటాయించారు. భూమి బ్యాంకు తాకట్టుకూ సీబీఐ కేసుకూ ఎక్కింది. హబ్ రాలేదు, నాలెడ్జ్ మాత్రం రైతులకు బాగా వచ్చింది.

అసలు పెనుకొండకు రాజధానే వచ్చింది. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు ఇక్కడికే చేరారు. ఆ ఊపులో కోట పక్కన స్థలం కొన్నవాడు డబుల్ కోసం చూస్తుండగానే రాజధాని చంద్రగిరికి వెళ్లిపోయింది.

పక్క ప్లాటు నిరుడు నిజంగా ఎంతకు చేతులు మారింది? ఇల్లు కడితే అద్దె ఎంతొస్తుంది? బోరులో నీళ్లు పడతాయా? పదేళ్ల కిందటి వెంచరులో రాత్రిపూట ఎన్ని ఇళ్లలో లైట్లు వెలుగుతున్నాయి? ఇవి అడిగితే ఏజెంటు టీ చెబుతాడు.

టీ తాగాక ఇంకొక్కటి అడగండి: “మూడేళ్ల తర్వాత డబుల్ ఇచ్చి నువ్వే వెనక్కి కొంటానని స్టాంపు పేపరు మీద రాసిస్తావా?”

నిజం అప్పుడు బయటపడుతుంది: “అంత నమ్మకముంటే నీకెందుకమ్ముతానన్నా, నేనే పెట్టుకుంటా కదా!”