మునిగిన పడవకు రెండు వాక్యాలు: సటీకా తాత్పర్యం

మూలం (బల్ల మీద ఆడే నౌకాయుద్ధపు ఆట నియమాలు):

జలాంతర్గామి మునిగియున్నంతసేపు దాని బొమ్మను బల్లపై ఉంచరాదు. వినగోరు వేటనౌక వేగము తగ్గింపవలెను.

ప్రతిపదార్థం: జలాంతర్గామి = నీటి లోపల నడిచే పడవ; మునిగియున్నంతసేపు = బ్యాటరీలో చార్జి ఉన్నంతసేపు; దాని బొమ్మను = అంగుళం పొడవు సీసపు బొమ్మను, లేదా అట్టముక్కను; బల్లపై = ఎదుటి ఆటగాడి కళ్లెదుట; ఉంచరాదు = పెట్టకూడదు; వినగోరు = సోనార్‌తో జాడ తీయదలచిన; వేటనౌక = డిస్ట్రాయరు, కొర్వెట్ మొదలైన కాపుదల ఓడ; వేగము తగ్గింపవలెను = మెల్లగా పోవాలి. మెల్లగా పోయే ఓడను టోర్పెడోతో కొట్టడం తేలిక అన్నది ఇక్కడ అధ్యాహార్యం.

తాత్పర్యం: దాక్కున్నవాడికి టైము తక్కువ, వెదికేవాడికి ఆచూకీ తక్కువ. నౌకాయుద్ధపు ఆట రాసేవాడు తూచవలసింది ఈ రెండు తక్కువలనే. ఎవరి ఆయుధం ఎంత పెద్దదన్నది తర్వాతి మాట.

వ్యాఖ్య: "మునిగియున్నంతసేపు" అనే గడువు తీసేస్తే ప్రకరణమంతా కూలిపోతుంది. రెండో ప్రపంచయుద్ధంలో అట్లాంటిక్‌లో తిరిగిన జర్మన్ 7సి రకం యూ-బోటు నీటిపైన 17.7 నాట్ల వేగంతో పోయేది. మునిగితే 7.6 నాట్లే, అదీ కొద్దిసేపు. 4 నాట్ల నడకన బ్యాటరీ 80 నాటికల్ మైళ్లకు సరిపోయేది; ఆపైన చార్జింగుకు పైకి తేలక తప్పదు. దాన్ని వేటాడిన బ్రిటిష్ ఫ్లవర్ తరగతి కొర్వెట్ వేగం 16 నాట్లు. అంటే తేలిన యూ-బోటు కొర్వెట్‌కు చిక్కదు, మునిగిన యూ-బోటుకు ఓ మోస్తరు కాన్వాయ్ కూడా చిక్కదు. ఆ కాలపు జలాంతర్గామిని "అవసరానికి మునగగల టోర్పెడో పడవ" అనడమే సబబు.

ఈ గడువును సడలించిన కంప్యూటర్ ఆట వరల్డ్ ఆఫ్ వార్‌షిప్స్. అక్కడ పోరు 20 నిమిషాల్లో తేలిపోవాలి గనుక 7 నాట్ల పడవతో పని జరగదు. వేగం పెంచారు, సోనార్ పింగు తగిలిన ఓడ వైపు టోర్పెడోలు తిరిగి వెళ్లేలా చేశారు. నీటి లోపలివాణ్ణి కొట్టే సాధనమేదీ లేక దిక్కుతోచని బాటిల్‌షిప్పులకు, డెప్త్ ఛార్జీలు (నీటి లోపల పేలే బాంబులు) జారవిడిచే విమానాన్ని పిలిచే వరం ఇచ్చారు. అప్పు తీర్చడానికి అప్పు చేయడమంటే ఇదే.

"ఉంచరాదు" దగ్గర చిక్కు ఎక్కువ. బొమ్మే లేనప్పుడు దాన్ని కదిపేదెవరు, సరిగ్గా కదిపాడని నమ్మేదెవరు? కాగితం మీద రాసుకోమంటే ఆట ఆ రాసుకునేవాడి నిజాయితీ మీద నడుస్తుంది. నాలుగు బొమ్మలు పెట్టి ఒకటే అసలుది, తక్కినవి ఉత్తుత్తివంటే యుద్ధం కాస్తా మూడుముక్కలాట అవుతుంది. మధ్యవర్తిని పెట్టడం ఉత్తమం; కాకపోతే ఆదివారం పూట ఆడడానికి వచ్చి ఆడకుండా కూర్చునే మనిషి దొరకాలి.

ఈ పదానికి తిరుగులేని ఉదాహరణ 1942లో లివర్‌పూల్‌లోని డెర్బీ హౌస్‌లో దొరుకుతుంది. కెప్టెన్ గిల్బర్ట్ రాబర్ట్స్ నడిపిన వెస్టర్న్ అప్రోచెస్ టాక్టికల్ యూనిట్‌లో బల్ల చాలక గది నేలనే సముద్రం చేశారు. 10 అంగుళాలు ఒక నాటికల్ మైలు. వంగి, మోకాళ్ల మీద పాకుతూ దారులు గీసేది రెన్స్ అనే మహిళా నౌకాదళం వారు. కాపుదల ఓడల దారి తెల్ల సుద్దతో, యూ-బోటు దారి ఆకుపచ్చ సుద్దతో గీసేవారు. ఓడల అధికారులు కాన్వాసు తెరల కన్నాల్లోంచి మాత్రమే చూడాలి. ఆ ఏటవాలు చూపుకు గోధుమరంగు నేల మీది ఆకుపచ్చ గీత ఆనదు. ఒక్కో ఎత్తుకు రెండు నిమిషాల గడువు. మూలంలో "ఉంచరాదు" అని శాసించిన దాన్ని ఇక్కడ సుద్దముక్క రంగే సాధించింది.

ఈ నేల మీదే యూ-బోట్లు రాత్రిపూట తేలి, వెనక నుంచి కాన్వాయ్ వరసల మధ్యకు దూరి కొడుతున్నాయని తేలింది. దానికి విరుగుడుగా పుట్టిన వ్యూహానికి జీన్ లెయిడ్లా అనే రెన్ "రాస్ప్‌బెరీ" అని పేరు పెట్టింది. ఇంగ్లీషువాళ్లు నాలుక బయటపెట్టి చేసే వెక్కిరింత చప్పుడుకు ఆ పండు పేరే ఉంది, వెక్కిరింత హిట్లర్‌కు. మొదటి ప్రపంచయుద్ధపు జలాంతర్గామి వీరుడైన అడ్మిరల్ మాక్స్ హోర్టన్ ఆ నేల మీద యూ-బోటు పక్షం ఆడి, జానెట్ ఓకెల్ అనే కుర్ర రెన్ చేతిలో ఐదుసార్లు ఓడాడు. అనుభవం ఆయనది, ఆచూకీ ఆమెది.

శంక: వేటనౌకకు డెప్త్ ఛార్జీలుండగా, అవి తగిలే అవకాశాన్ని నిజానికి సరిపోయేలా లెక్కగట్టి పాచికకు అప్పగిస్తే చాలదా?

సమాధానం: చాలదు. బ్రిటిష్ వారి లెక్కలో 5,174 డెప్త్ ఛార్జి దాడులకు నాశనమైన జలాంతర్గాములు 85.5. (సగం పడవ మునగలేదు, అది ఘనత పంచుకున్న చోట రాసిన సగం.) అరవై దాడులకు ఒకటి. కారణం సులువు. ఛార్జి సెకనుకు సుమారు 3 మీటర్ల చొప్పున దిగుతుంది. 150 మీటర్ల లోతుకు 50 సెకన్లు. ఈలోగా 4 నాట్లతో పోయే పడవ 100 మీటర్లు జరిగిపోతుంది. ఛార్జి ఏడెనిమిది మీటర్ల లోపు పేలితేనే పొట్టుకు ముప్పు. పైగా ఆస్డిక్ (సోనార్‌కు బ్రిటిష్ వారి పేరు) చూపు ముందుకు, ఛార్జీలు పడేది ఓడ వెనక నుంచి. మీదికి వచ్చేసరికి జాడ తప్పుతుంది, పేలాక కలగిన నీళ్లలో ఇంకాసేపు చెవుడు. ముందుకు 24 గుండ్లు విసిరే హెడ్జ్‌హాగ్ వచ్చాక 268 దాడులకు 47 మునిగాయి. అది తగిలితేనే పేలుతుంది కనుక చప్పుడు రాకపోవడం కూడా ఒక కబురే.

అరవైకి ఒకటి చొప్పున పాచిక వేయమంటే వేటగాడు టీ తాగడానికి లేచిపోతాడు. ఆరుకి ఒకటి చేస్తే జలాంతర్గామివాడు పెట్టె సర్దేస్తాడు. ఈ ముడి విప్పే దారి పులిజూదంలో ఎప్పటినుంచో ఉంది. మూడు పులులు, పదిహేను మేకలు. మేక ఏ పులినీ చంపలేదు, కదలకుండా కట్టేసి గెలుస్తుంది. కాపుదల ఓడ పనీ అదే. యూ-బోటును ఆరు గంటలు నీటి కింద అణచి ఉంచితే అది నాశనం కాకపోయినా కాన్వాయ్ దాటిపోతుంది. కాబట్టి పాయింట్లు నాశనం చేసిన పడవలకు గాక రేవు చేరిన సరుకుకు ఇచ్చే ఆటలోనే తూకం కుదురుతుంది. తేడా ఒక్కటే: పులిజూదంలో పులి కనబడుతుంది.

"వేగము తగ్గింపవలెను" అన్నది పాత ఆటల్లో వేటనౌకకే విధి. ఉరికే ఓడకు సొంత చప్పుడే చెవులు మూస్తుంది. అణుజలాంతర్గామి వచ్చాక మొదటి వాక్యంలోని గడువు ఎగిరిపోయింది. అది వారాల తరబడి తేలదు. అందుకే లారీ బాండ్ 1980లో తెచ్చిన హార్పూన్ వంటి ఆధునిక ఆటల్లో ఈ విధి ఇద్దరికీ వర్తిస్తుంది: ఉరికితే ఎవరైనా వినబడతారు.

పాఠాంతరం: హెలికాప్టర్ ఉన్న ఆటల్లో రెండో వాక్యం పొసగదు. అది గాలిలో నిలిచి, సోనార్‌ను తాడుతో నీళ్లలోకి దించి, విని, లేచిపోతుంది. టోర్పెడో దాన్ని ఏమీ చేయలేదు. అక్కడ "వేటనౌక వేగము తగ్గింపవలెను" అన్నచోట "వేటగాడు ఇంధనము లెక్కింపవలెను" అని చదువుకోవాలి.