కళ్లకలక వచ్చినవాళ్ల కళ్లలోకి సూటిగా చూడండి

ఇక్కడ చెప్పేవి చాలామందికి తలకిందుల సలహాలుగా తోస్తాయి. అయినా ఆచరించండి. వానాకాలం వచ్చిందంటే మన మెట్ట ప్రాంతంలో కళ్లకలక ఎప్పుడైనా అందుకోవచ్చు.

కళ్లకలక వచ్చిన మనిషి ఎదురైతే తల తిప్పుకోకండి. కళ్లలోకి చూసే మాట్లాడండి. 2023 జులై, ఆగస్టుల్లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఈ జబ్బు ఇంటింటికీ పాకినప్పుడు జగ్గయ్యపేటలో, నందిగామలో జనం ఒకరి మొహం ఒకరు చూసుకోవడానికే జంకారు. చూపుకి ఏ వైరస్సూ అంటదు. ఎక్కువసార్లు ఈ జబ్బు తెచ్చేది అడినోవైరస్. అది కంటి నీళ్లలో, పుసుల్లో ఉంటుంది. నలుపుకున్న చేతికి అంటుకుని, అక్కడినుంచి ఫోనుకో, తలుపు గొళ్లానికో, పత్తి కలుపుకి వెళ్లే ఆటోలో అందరూ పట్టుకునే ఇనుప కడ్డీకో చేరుతుంది. ఆ కడ్డీ పట్టుకున్న ఇంకొకరు చెమట తుడుచుకుంటూ కన్ను నలుపుకుంటే జబ్బు చేతులు మారినట్టే. కాబట్టి కళ్లలోకి ఎంతసేపైనా చూడండి. ఆ మనిషి చెయ్యి ఎక్కడెక్కడ పడిందో మాత్రం గమనించుకోండి.

రెండోది, నల్లద్దాలు కొనడానికి పరుగెత్తకండి. బస్టాండు దగ్గర అట్టకు గుచ్చి అమ్మే చలువ అద్దాలను ఒక్కసారి నిలబడి చూడండి. ఒకాయన తీసి పెట్టుకుంటాడు, చిన్న అద్దంలో చూసుకుంటాడు, ముక్కు మీద నొక్కుకుంటాడు, నచ్చలేదని తగిలించేస్తాడు. వెనకాయన అదే జత తీసి పెట్టుకుంటాడు. అడినోవైరస్ ప్లాస్టిక్ మీద రోజుల తరబడి బతుకుతుంది. జబ్బు రాకుండా ఉండాలని కొనే వస్తువుతోనే జబ్బును ఇంటికి తెచ్చుకుంటున్నాం! వచ్చినవాళ్లకి నల్లద్దాలు కొంత మేలే చేస్తాయి. ఎండ గుచ్చుకోదు, చెయ్యి ఊరికే కంటి మీదకి పోదు. అయితే ఆ జత వాళ్లదే అయి ఉండాలి, రోజూ సబ్బుతో కడగాలి. పక్కవాళ్లని కాపాడే శక్తి మాత్రం వాటికి లేదు.

మామూలు కళ్లజోడుని కూడా కవచం అనుకోవద్దు. కరోనా రోజుల్లో ఈ నమ్మకం బాగా వ్యాపించింది. 2020లో చైనాలోని సుయ్‌జౌ ఆసుపత్రి రోగుల్లో కళ్లజోడు వాడేవాళ్లు తక్కువగా ఉన్నారని వైద్యులు రాశారు. దాంతో కళ్లజోడే కాపాడుతుందని కొందరు తీర్మానించేశారు. నార్వేలో 2022లో 3,700 మందికి పైగా పెద్దవాళ్లను రెండు జట్లు చేసి పరీక్షించారు. సర్కారు లెక్కల్లో నమోదైన కరోనా కేసుల్లో కళ్లజోడు పెట్టుకున్న జట్టుకీ, పెట్టుకోని జట్టుకీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కళ్లజోడుకి పైనా పక్కలా ఖాళీ ఉంటుంది. పైగా మాస్కు మీద పెట్టుకుంటే ఆవిరి పడుతుంది, తుడుచుకోవడానికి చెయ్యి పదేపదే మొహం మీదకి వెళుతుంది. ఆసుపత్రి సిబ్బందికి ఇచ్చే గాగుల్స్ సంగతి వేరు, అవి మొహానికి అతుక్కుని నాలుగు వైపులా మూసి ఉంటాయి. సిమెంటు దుమ్ములో, క్వారీల్లో పనిచేసేవాళ్లు కళ్లద్దాలు మానకూడదు. అవి కంటిలో రాయి పడకుండా ఆపేవి, వైరస్‌కి అడ్డు కాదు.

శానిటైజర్ సీసా పక్కన పెట్టి సబ్బు పట్టుకోండి. కరోనా వైరస్‌కి పైన కొవ్వు పొర ఉంటుంది, స్పిరిట్ దాన్ని చెడగొడుతుంది. అడినోవైరస్‌కి ఆ పొర లేదు, అంత తేలిగ్గా లొంగదు. కుళాయి కింద సబ్బుతో రుద్ది కడిగితే కొట్టుకుపోతుంది.

అన్నిటికన్నా కష్టమైన సలహా తల్లులకి. పిల్లవాడి కన్ను కొంగుతో తుడవకండి. బిడ్డ కళ్లు పుసులు కట్టి రెప్పలు అతుక్కుని ఏడుస్తుంటే ఏ తల్లి చెయ్యైనా ముందు కొంగు మీదకే పోతుంది. కాసేపటికి అదే కొంగుతో తన మొహం తుడుచుకుంటుంది, చిన్నదాని ముక్కూ తుడుస్తుంది. సాయంత్రానికి ఇంట్లో అందరి దగ్గరికీ ఆ కొంగు వెళ్లొస్తుంది. కాచి చల్లార్చిన నీళ్లలో ముంచిన దూదితో తుడిచి దూది పారేయండి. ఏ కంటికి ఆ దూదే. తుండు, దిండు గలీబు, కాటుక భరిణె ఎవరివి వాళ్లకే.

కంట్లో చనుబాలు పిండడం, ఆముదం వెయ్యడం, కంటి మీద నందివర్ధనం పూలు కట్టడం వద్దు. చల్లదనం కావాలంటే శుభ్రమైన తడిగుడ్డ చాలు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే చుక్కలు అసలే వద్దు. ఈ మాట మాత్రం గట్టిగా చెబుతున్నాను. కొన్నిటిలో స్టెరాయిడ్ ఉంటుంది. వేసిన పూటే ఎరుపు తగ్గుతుంది, మందు పనిచేసిందనిపిస్తుంది. లోపల వైరస్ ఇంకా ఎక్కువ రోజులు తిష్ఠ వేస్తుంది, ఎక్కువ కాలం వాడితే కంటి ఒత్తిడి పెరిగి చూపే దెబ్బతినొచ్చు. యాంటీబయాటిక్ చుక్కలు వైరస్‌ని చంపలేవు. మామూలు కళ్లకలక ఒకటి రెండు వారాల్లో దానంతటదే తగ్గుతుంది. అన్నాళ్లూ పిల్లల్ని బడికీ హాస్టలుకీ పంపకండి.

చూపు మసకబారినా, వెలుతురు చూడలేకపోయినా, కన్ను లోపల పోటు పెట్టినా, అప్పుడే పుట్టిన బిడ్డకి కళ్లు ఎర్రబడినా మర్నాటి దాకా ఆగకండి. ఆ పూటే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి.