ఏడు రాళ్ల దుద్దులు: టీకా తాత్పర్యం

మూలం: ఓపెన్ సెట్టింగ్ రవ్వల దుద్దులు, ఏడేసి రాళ్లు, 18 క్యారట్, రాళ్లు 1 క్యారట్, మొత్తం తూకం 6.200, తరుగు అదనం.

ప్రతిపదార్థం: రవ్వల = సానబట్టిన చిన్న వజ్రాలు పొదిగిన; దుద్దులు = చెవుల జత; ఏడేసి = చెవికి ఏడు చొప్పున; ఓపెన్ సెట్టింగ్ = వెనుక మూత లేకుండా, సన్నటి బంగారు గోళ్లతో పట్టించినవి (ఈ గోళ్లనే షాపులో ప్రాంగులంటారు); 18 క్యారట్ = 24 పాళ్లలో 18 పాళ్లు బంగారం, తక్కినది రాగి, వెండి వగైరా; రాళ్లు 1 క్యారట్ = పద్నాలుగు రాళ్లూ కలిపి 200 మిల్లీగ్రాములు, అంటే ఒక్కొక్కటి సుమారు 7 సెంట్లు (బిల్లు రాసిన గుమాస్తాకు తెలియకుండానే ఇక్కడ యమకం పడింది); మొత్తం తూకం 6.200 = రాళ్లతో సహా గ్రాముల లెక్క; తరుగు అదనం = స్పష్టం.

తాత్పర్యం: రాయిని లోహం గట్టిగా పట్టుకోవాలి, పట్టుకున్న మేర రాయి కనబడదు. వజ్రాలు పొదిగే పద్ధతులన్నీ ఈ తగవు తీర్చడానికి పుట్టినవే. మూలంలోని దుద్దులు రాయి పక్షాన తీర్పు చెప్పాయి.

విశేషాంశాలు: ఇక్కడ పూర్వపక్షి ఇలా వాదిస్తాడు: "వెనుక తెరిచి ఉంటే అటునుంచి వెలుతురు వస్తుంది, అందుకే ఓపెన్ సెట్టింగ్ రాయి ఎక్కువ మెరుస్తుంది." షాపుల్లో తరచు వినబడే ఈ వాదం నిలవదు. చెవికి ఆనుకున్న దుద్దు వెనుక ఉండేది చెవి తమ్మె, దీపం కాదు. నేటి గుండ్రటి బ్రిలియంట్ రాయికి 57 లేదా 58 ముఖాలు. పైనుంచి లోపలికి దిగిన కాంతి అడుగు ముఖాలకు తగిలి, మళ్లీ పైకే తిరిగి వచ్చేటట్లు ఆ ముఖాల వాలు ఉంటుంది. ఆ కొలతలను 1919లో మార్సెల్ టోల్కోవ్‌స్కీ లెక్కగట్టాడు. వజ్రంలో సుమారు 24 డిగ్రీలు దాటిన కోణంలో అడుగు ముఖాన్ని తాకిన కిరణం బయటికి పోలేదు.

అలాగైతే వెనుక తెరవడం దేనికి? కడగడానికి. వజ్రానికి జిడ్డు ఇట్టే అంటుతుంది. తలంటు నూనె, క్రీము అడుగు ముఖాలకు పట్టాయంటే ఆ 24 కాస్తా దాదాపు 37 అవుతుంది. తిరిగి రావలసిన కిరణాల్లో చాలా భాగం కిందికి జారిపోతుంది. మసకబారిన దుద్దుకు గోరువెచ్చటి సబ్బునీళ్లు, మెత్తటి పాత టూత్‌బ్రష్ చాలు, బ్రష్ వెనుకనుంచి అందితే. మూసిన గూటిలోకి జిడ్డు సులువుగా చేరదు, చేరిందంటే వదలదు.

క్లోజ్డ్ సెట్టింగును దీన్నిబట్టి తీసిపారేయకూడదు. బరువు పోగొట్టుకోవడం ఇష్టంలేని పాతకాలపు పనివాళ్లు వజ్రాన్ని పలకలాగే ఉంచేవారు. అలాంటి రాయిలో వెలుతురు నిలవదు, దూసుకుపోతుంది. అందుకని గూటి అడుగున మెరిసే రేకు పరిచి, రాయిని దించి, చుట్టూ కుందనం ఒత్తుతారు. కుందనమంటే మేలిమి బంగారపు పల్చటి రేకు. నిప్పు తగలకుండానే, ఒత్తిడికే ఒకదానికొకటి అతుక్కుంటుంది. ఆ మెత్తదనమే గోళ్ల విషయంలో దోషం. మేలిమి గోరు చీర కొంగు తగిలినా వంగుతుంది. మూలకారుడు 22 అనకుండా 18 అనడంలోని ఔచిత్యం ఇదే.

ఏడు అనే సంఖ్యలో సప్తర్షులను వెతకనక్కర్లేదు. ఒక గుండ్రటి రాయి చుట్టూ అదే సైజు రాళ్లు సందు లేకుండా ఆరే పడతాయి.

గోళ్ల పద్ధతికి పేరు తెచ్చింది న్యూయార్క్ టిఫనీ కంపెనీ 1886లో తెచ్చిన ఆరు గోళ్ల ఉంగరం. నాలుగు గోళ్లయితే రాయి మరింత కనబడుతుంది, ఒకటి విరిగితే మాత్రం రాయి దక్కడం అదృష్టం. నగ మీద దూది రుద్దితే పోగు చిక్కుకుందా, గోరు లేచినట్లే. ఇక కంసాలి దగ్గరకు వెళ్లాలి.

తక్కినవి సంగ్రహంగా: రాయి చుట్టూ అంచు కడితే బెజెల్, చేతిపని ఎక్కువున్న వారి ఉంగరానికి ఇదే మేలు, ఎందుకంటే వజ్రం గీతకు లొంగకపోయినా అంచున దెబ్బ తగిలితే పెచ్చు లేస్తుంది. రెండు గట్ల మధ్య రాళ్లను వరుసగా దించితే చానెల్. చిన్న రవ్వలను ఒత్తుగా పరిచి, బంగారాన్నే చిన్న పూసలుగా లేపి పట్టిస్తే పావే. ఇందులో ఒక్క రవ్వ రాలినా పన్ను ఊడినట్లు కనబడుతుంది.

చివరిగా తూకం. 6.200లోంచి రాళ్ల 0.200 తీసేస్తే బంగారం ధర కట్టవలసింది 6.000 గ్రాములకే. ఈ దుద్దుల్లో అనుమానముంటే గోళ్లు విప్పించి రాళ్లను విడిగా తూయించవచ్చు. కుందనపు నగలో గూటిలోని లక్క కూడా మొత్తం తూకంలో కలుస్తుంది గనుక, లక్క బరువు ఎంతో బిల్లు మీద ముందే విడిగా రాయించుకోవాలి.