లిఫ్టు నోటీసుకు టీకా తాత్పర్యం

అవతారిక: విజయవాడ గవర్నర్‌పేటలో మా అపార్ట్‌మెంటు లిఫ్టులో, అద్దం పక్కన, ఉగాది ముందర ఒక శాసనం వెలిసింది. అసోసియేషన్ సెక్రటరీగారి రచన. మూడో అంతస్తు వచ్చేలోపు చదవడం పూర్తికాదు. అర్థం కావాలంటే ఐదో అంతస్తు దాకా పోయి దిగి రావాలి. ఇంతటి గ్రంథం వ్యాఖ్య లేకుండా నిలవదు కనుక సాహసిస్తున్నాను. కోలాచలం మల్లినాథసూరి ఆధారం లేనిదీ అవసరం లేనిదీ రాయనని ప్రతిజ్ఞ చేసి మరీ కాళిదాసుకి వ్యాఖ్య రాశాడు. ఆయనకి దొరికినవాడు కాళిదాసు. నేను ఆ ప్రతిజ్ఞలో మొదటి సగమే చేస్తున్నాను.

మూలం: “గృహాంతర్గత వాయు నాణ్యతను మెరుగుపరచుకొనుట ప్రతి నివాసి యొక్క కర్తవ్యమై యున్నది. కావున ఉదయ సాయంకాలములందు గవాక్షములు తెరచి యుంచవలెను. నాసా వారిచే పరీక్షింపబడిన మొక్కలను పెంచవలెను. జనరేటరు పొగ విషయమై తగు చర్యలు తీసుకొనబడును. ఇట్లు, మీ శ్రేయోభిలాషి.”

ప్రతిపదార్థం: ఉదయ సాయంకాలములందు = సులభం, వదిలేస్తున్నాను. కర్తవ్యము = మెయింటెనెన్సు కట్టేవాళ్ళకి తెలుసు. వాయు నాణ్యత = కంటికి కనపడని సన్నధూళి ఎంత తక్కువుంటే అంత నాణ్యత. అది ఏడాది సగటున ఘనపు మీటరుకి 40 మైక్రోగ్రాములు మించరాదని మన దేశపు ప్రమాణం. 5 మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన మాట. ఒకే సూత్రానికి పాఠాంతరం మరీ ఎనిమిదింతలు ఉండటం అరుదు.

గవాక్షములు = ఇక్కడ ఆగక తప్పదు. గో, అక్ష శబ్దాలు కలిస్తే మామూలు సంధి ప్రకారం ‘గోక్షం’ కావాలి. కాలేదు. ‘గో’ కాస్తా ‘గవ’ అయింది. ఈ మార్పు చెప్పేచోట పాణిని స్ఫోటాయనుడనే వైయాకరణుడి పేరు తలచుకున్నాడు. ఒక కిటికీ దగ్గర అంత పెద్దమనిషి సాటి పండితుడి ఋణం ఒప్పుకున్నాడు. మన మూలకర్త ఈ నోటీసు ఏ వాట్సాప్ గ్రూపులోంచి ఎత్తారో ఎక్కడా ఒప్పుకోలేదు. ఆవు కన్నులా ఉండేది గవాక్షమని కొందరు. గో అంటే కిరణం కూడా కనుక వెలుగు వచ్చే కన్నమని మరికొందరు. గవర్నర్‌పేటలోని ‘గవ’కి దీనితో సంబంధం లేదు గానీ, ఏలూరు రోడ్డుకి అడ్డంగా ఆవులు పడుకున్న రోజున నాకే సందేహం వస్తుంది. కిటికీకి వాతాయనమనే పేరూ ఉంది, గాలి నడిచే దారి అని. మా వంటింటి కిటికీకి పక్క బిల్డింగు గోడ రెండడుగుల దూరం. ఆ సందులో వాళ్ళ ఏసీ డబ్బాలు నాలుగు మా వైపే వేడి ఊదుతుంటాయి. ఆవు కన్నూ లేదు, కిరణమూ లేదు, దారీ లేదు.

దారి అంటే మా అమ్మమ్మగారిల్లు. దివిసీమలో మండువా లోగిలి. ఇంటి నడుమ ఆకాశం ఉండేది. వాన పడితే ఇంట్లోనే పడేది, గాలి వేస్తే ఇంట్లోంచే వెళ్ళేది. ఈ సంగతి చెప్పుకుని కళ్ళు చెమర్చుకునేవాళ్ళు మా చుట్టాల్లో చాలామంది ఉన్నారు. వాళ్ళంతా మగవాళ్ళు. వాళ్ళ పడకకుర్చీలు మండువా పక్కన ఉండేవి. వంటిల్లు వెనకాల, ఒక చిన్న కిటికీతో. వానాకాలం కట్టెలు తడిసి, పిడకలు రాజుకోక, అమ్మమ్మ ఊదుగొట్టం పట్టుకుని పొయ్యి ముందు వంగి ఊదేది, దగ్గేది, కళ్ళొత్తుకుని మళ్ళీ ఊదేది. మా తాతగారికి కావ్యాల్లో మలయమారుతం ఎన్నిచోట్ల వస్తుందో కంఠతా వచ్చు. ఆ వాయువుకి తన వంటింటి దారి ఎవరూ చూపించలేదు. దూలాలు పొగచూరి తారు పూసినట్టుండేవి. ఆమె గుండెల్లోపల ఎలా ఉండేదో ఎవరూ నిచ్చెన వేసి చూడలేదు. గ్యాసుబండ వచ్చిన రోజున ఊదుగొట్టాన్ని ఆమె చెరువులో పారేసిందని అమ్మ చెబుతుంది. నాకు తెలిసి మా వంశంలో గాలి నాణ్యతకి జరిగిన ఏకైక సంస్కరణ అదే. దానికి నోటీసు అంటించలేదు.

ఎక్కడున్నాం? సాయంకాలము. ఇందాక సులభమని వదిలేశాను, తప్పు. ఏలూరు కాలవ, బందరు కాలవ, రైవస్ కాలవ ప్రవహించే ఊళ్ళో సాయంకాలం కిటికీ తెరిస్తే ముందు వచ్చేది దోమ. దోమ వస్తే చుట్ట వెలుగుతుంది. ఒక్క దోమలచుట్ట వదిలే సన్నధూళి 75 నుంచి 137 సిగరెట్ల పెట్టని 2003లో ఒక పరిశోధన అచ్చయింది. మంచి గాలి కోసం కిటికీ, కిటికీ వల్ల దోమ, దోమ వల్ల ధూమం. దీన్ని కారణమాలాలంకారం అంటారు. ఇక ఉదయము. అసోసియేషన్ వారి ఉత్తర్వు మేరకు వాచ్‌మన్ రాలిన ఆకులూ పాల ప్యాకెట్లూ కలిపి తగలబెట్టేది ఉదయమే. మధ్యాహ్నం తెరుద్దామా? మే నెల బెజవాడలో మధ్యాహ్నం తెరిస్తే లోపలికొచ్చేది వాయువు కాదు, అగ్ని. అగ్నికి వాయుసఖుడని పేరున్నది అందుకే కాబోలు.

పోనీ కిటికీ బయటున్నదేమన్నా తీర్థమా? 2019లో కేంద్రం శుద్ధ వాయు కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు ప్రమాణం తప్పిన 102 ఊళ్ళ పట్టికలో విజయవాడ ఉంది. మూలకర్త ఆ గాలిని పిలిచి లోపల కూర్చోబెట్టమంటున్నారు. అలాగని మూసుకు కూర్చుంటే లోపల పోపు. మిరపకాయ మాడగానే పంచప్రాణాలూ పక్కకి తప్పుకుంటాయి. తుమ్ముకి అధిపతి అయిన కృకరమనే ఉపప్రాణానిదే రాజ్యం. పొయ్యి మీద ఒక ఎగ్జాస్టు ఫ్యాను, దాని పొగ వెళ్ళడానికి నిజంగా ఆరుబయలు ఉంటే ఈ గ్రంథంలో సగం అనవసరం. మా ఫ్యాను ఊదేది ఆ రెండడుగుల సందులోకే. పక్కింటివాళ్ళ పులుసు ఏ పూట ఏమిటో మాకు తెలుసు, మాది వాళ్ళకి తెలుసు.

మొక్కలు = నాసా వారు 1989లో బిగించిన చిన్న గదుల్లో మొక్కలు పెట్టి చూసిన మాట నిజం. అలాంటి పరీక్షలన్నీ తిరగేసి 2019లో ఇద్దరు లెక్కగట్టారు: మామూలు ఇంట్లో వచ్చిపోయే గాలి చేసే పని మొక్కలు చేయాలంటే చదరపు మీటరుకి 10 నుంచి 1000 కావాలి. మా హాలు 11 చదరపు మీటర్లు. ఎంత తక్కువ పెట్టినా 110 కుండీలు. అప్పుడు మేం లిఫ్టులో పడుకుని ఈ నోటీసు నిదానంగా చదువుకోవచ్చు.

వ్యాకరణ విశేషం: తెరచి యుంచవలెను, పెంచవలెను. ఈ క్రియలకి కర్త నేను, మా ఆవిడ, మూడో అంతస్తు. సందేహం లేదు. జనరేటరు దగ్గరికి రాగానే మూలకర్త కర్మణి ప్రయోగంలోకి దూకారు: తీసుకొనబడును. ఆ జనరేటరు సరిగ్గా మా పడకగది కిటికీ కింద ఉంది. కరెంటు పోయినప్పుడల్లా దాని డీజిలు పొగ వాతాయనమార్గాన తిన్నగా పైకొస్తుంది. అది వస్తుంటే మా అబ్బాయి ఇన్‌హేలరు వెతుక్కుంటాడు. మూడేళ్ళ కిందటి మినిట్స్ పుస్తకం తీసి చూశాను. ‘జనరేటరు స్థలము మార్చబడును’ అని ఉంది. ఎవరిచేత? తృతీయా విభక్తికి చేతన్, చేన్, తోడన్, తోన్ అని నాలుగు ప్రత్యయాలున్నాయి. నాలుగూ చేత్తో పట్టుకుని ఐదంతస్తులూ తిరిగాను. తగిలించడానికి ఒక్క కర్త దొరకలేదు.