కప్పిపద్యానికి టీకాతాత్పర్యం

కప్పి చిన్నదైన గాలి పెరుగునయ్య
గాలి పెరిగెనేని కాక పెరుగు
కాక మీఱెనేని గణగణ మోగును
చల్లదనమె బలము సారథులకు

అవతారిక: సూపర్‌ఛార్జర్ ఉన్న కారు కొని, ఆ బలమూ చాలక, ఇంకా ఎట్లా రాబట్టాలని వచ్చి నిలుచున్న యజమానికి మెకానిక్కు చేసిన ఉపదేశంగా ఈ ఆటవెలదిని అన్వయించుకోవలె. మకుటం లేదు కనుక దీనిని వేమన ఖాతాలో వేయడం న్యాయం కాదు.

ప్రతిపదార్థం: అయ్య = ఓ కారు యజమానీ (బిల్లు చెల్లించువాడా అని ధ్వని); కప్పి = సూపర్‌ఛార్జర్ ముక్కున ఉండి బెల్టుతో తిరిగే పుల్లీ; చిన్నది ఐనన్ = వ్యాసం తగ్గినచో; గాలి = ఇంజనులోకి తోయబడే గాలి; పెరుగున్ = అధికమగును; గాలి పెరిగెనేని = అట్లు అధికమైనచో; కాక = వేడి; పెరుగు = హెచ్చును; కాక మీఱెనేని = ఆ వేడి హద్దు దాటినచో; గణగణ మోగును = ఇంజను నాక్ చేయును; సారథులకు = నడుపువారికి; చల్లదనమె = ఆ గాలి చల్లగా ఉండుటయే; బలము = హార్స్‌పవర్.

తాత్పర్యం: పుల్లీ మార్చడం సులభం, దానివల్ల పుట్టిన వేడిని వదిలించుకోవడం కష్టం, బలం ఆ రెండవ పనిలోనే ఉన్నది.

వ్యాఖ్య: ఇంజను బలం దానిలో మండే పెట్రోలును బట్టి, మండగల పెట్రోలు లోపలికి చేరిన గాలి బరువును బట్టి ఉంటుంది. మామూలు ఇంజను వాతావరణం ఇచ్చినంత గాలితో సరిపెట్టుకుంటే, సూపర్‌ఛార్జర్ అనే యంత్రం క్రాంక్ షాఫ్ట్ నుంచే బెల్టు ద్వారా శక్తి తీసుకుని అదనపు గాలిని లోపలికి కుక్కుతుంది. మెర్సిడెస్ సంస్థ 1921లో బెర్లిన్ ప్రదర్శనలో సూపర్‌ఛార్జర్ ఉన్న కార్లను చూపింది; వాటిలో ఒకదానికి తరువాత 6/25/40 అని పేరు పెట్టింది. అందులో మొదటిది పన్ను లెక్క, రెండవది ఊరక నడిచేటప్పటి హార్స్‌పవర్, మూడవది సూపర్‌ఛార్జర్ పట్టినప్పటిది. పేరులోనే ప్రతిపదార్థం పెట్టిన కార్లు తరువాత అరుదైనాయి.

"కప్పి" అన్నచోట ఏ కప్పి అన్న శంక పుడుతుంది. క్రాంక్ షాఫ్ట్ కొసన ఉన్నదానిని చిన్నది చేస్తే సూపర్‌ఛార్జర్ మరింత నెమ్మదిగా తిరిగి ఉన్న బలం కూడా పోతుంది కనుక, పద్యంలోని కప్పి పైన సూపర్‌ఛార్జర్‌కు ఉన్నదే. అమెరికాలో 2015 మోడలుగా వచ్చిన డాడ్జ్ ఛాలెంజర్ హెల్‌క్యాట్ ఇందుకు మంచి ఉదాహరణ. దాని ఇంజను 6.2 లీటర్లది, నాలుగు స్ట్రోకులలో ఒక్కసారే గాలి పీలుస్తుంది కనుక క్రాంక్ ఒక చుట్టుకు అది తీసుకోగలిగేది 3.1 లీటర్లు. సూపర్‌ఛార్జర్ తన ఒక చుట్టుకు 2.4 లీటర్లు తోస్తుంది, పుల్లీల నిష్పత్తి వల్ల క్రాంక్ ఒక చుట్టు తిరిగేలోగా 2.36 చుట్లు తిరుగుతుంది; అంటే 3.1 లీటర్లు పట్టే చోటికి సుమారు 5.7 లీటర్లు వచ్చి పడుతున్నాయి. ఇమడక ఒత్తుకున్న ఈ గాలికి, వాతావరణ పీడనం 14.7 పీఎస్ఐ మీద అదనంగా ఏర్పడే పీడనమే బూస్టు. హెల్‌క్యాట్‌లో అది 11.6 పీఎస్ఐ. పై కప్పిని చిన్నది చేస్తే 2.36 అన్న అంకె పెరుగుతుంది. మొదటి పాదం చెప్పినది ఇంతే. అయితే ఈ కారు ప్రకటించిన 707 హార్స్‌పవర్, సూపర్‌ఛార్జర్ తిప్పుకోవడానికి సుమారు 80 పోగా మిగిలినది. కప్పి చిన్నదైనకొద్దీ ఈ కప్పం కూడా పెరుగుతుందని పద్యం చెప్పదు.

రెండవ పాదం అసలైన పాదం. సైకిలు పంపు కొట్టినవారికి దాని అడుగు వేడెక్కడం తెలిసినదే. అణచిన గాలి వేడెక్కుతుంది. హెల్‌క్యాట్ బూస్టుకు 30 డిగ్రీల గాలిని ఏ లోపమూ లేని ఆదర్శ యంత్రం అణచినా అది సుమారు 85 డిగ్రీలకు చేరుతుంది, నిజమైన యంత్రంలో వంద దాటడం వింత కాదు. వేడి గాలి పలచన. పీడనం 79 శాతం పెరిగినా, గాలి 110 డిగ్రీల వద్ద ఉంటే చేరిన బరువు 42 శాతమే పెరిగినట్టు. ఆ తేడాను తిరిగి తెచ్చేది ఇంటర్‌కూలర్, అంటే అణచిన గాలిని సిలిండర్లోకి పోయేముందు చల్లార్చే పరికరం.

ఇక్కడ పూర్వపక్షం ఒకటి ఉన్నది. ఇంజను తలలో దారులు నునుపు చేయించి, ఎగ్జాస్టు గొట్టాలు వెడల్పు చేయించినవాడు బూస్టు మీటరు చూసి, అంకె తగ్గింది, డబ్బు దండగైంది అని మొత్తుకుంటాడు. సిద్ధాంతం ఏమంటే, మీటరు చూపేది చేరిన గాలిని కాదు, చేరలేక బయట ఒత్తుకుంటున్న గాలిని; దారి సుగమమైతే ఒత్తిడి తగ్గుతుంది, బలం పెరుగుతుంది. మీటరును మురిపించడానికి కప్పి మార్చేవారే ఎక్కువన్నది వేరే విషయం.

"గణగణ మోగును" అనడం కవి సౌమ్యత. సిలిండర్లో స్పార్కు రాజేసిన మంట చేరకముందే, మిగిలిన మిశ్రమం వేడికీ ఒత్తిడికీ తనంతట తానే భగ్గుమనడం నాక్; అది ముదిరితే పిస్టన్లు పగులుతాయి, దానికీ ఒక మోత ఉంటుంది. ఈ కాలపు ఇంజనులో కంప్యూటర్ ఆ చప్పుడు పట్టి స్పార్కును ఆలస్యం చేస్తుంది, అప్పుడు కప్పి ఇచ్చిన బలం కొంత వెనక్కు పోతుంది. పెట్రోలు అన్న మాట పద్యంలో లేదు, అధ్యాహారం చేసుకోవలె: హెచ్చిన గాలికి తగినంత పెట్రోలు చల్లే ఇంజెక్టర్లు, నాక్‌ను ఓర్చే ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు లేనిదే కప్పి మార్చరాదు.

నాలుగవ పాదానికి "చెక్కుబుక్కె బలము" అని పాఠాంతరం సాధ్యమే. గణాలు సరిపోతాయి, లోకానుభవానికి విరుద్ధం కాదు, కానీ చె-సా లకు యతి చెల్లదు. కనుక "చల్లదనమె" అన్నదే గ్రాహ్యం. 2018లో వచ్చిన డాడ్జ్ డీమన్ ఇదే మతం. 2.7 లీటర్ల సూపర్‌ఛార్జర్, 14.5 పీఎస్ఐ బూస్టు గల ఆ కారు బంకు పెట్రోలుతో 808, వంద ఆక్టేన్ పెట్రోలుతో 840 హార్స్‌పవర్ ఇస్తుంది; కప్పి మాత్రం అదే. అంతేగాక డ్రాగ్ పందెంలో దాని ఏసీ, కారులోపలికి పంపవలసిన చల్లదనాన్ని ఇంటర్‌కూలర్ నీటికి మళ్ళిస్తుంది. ఇంజను చల్లగా ఉంటుంది, సారథికి చెమట పడుతుంది. "సారథులకు" అన్న షష్ఠిని ఎట్లా సమర్థించాలో వ్యాకర్తలు చూసుకోవలె.