మిలిటరీ తాతగారు

తాడేపల్లిగూడెం దగ్గర మిలిటరీ మాధవరంలో అయితే ఇలాంటివారు ఇంటికొకరు దొరుకుతారు. మిగతా ఊళ్లలో ఊరికొకరే. రేషన్ కార్డులో ఏ పేరున్నా, ఊరందరికీ ఆయన మిలిటరీ తాతగారే.

తెల్లవారుజామున నాలుగున్నరకల్లా గడ్డం గీసుకోవడం అయిపోతుంది. ఆ వేళప్పుడు ఆ నున్నటి చెంపల్ని చూసేది పెరట్లో గేదె ఒక్కటే. గది మూల నల్ల ట్రంకుపెట్టె, దాని మీద తెల్లరంగుతో పేరూ నంబరూ. మనవరాలి పుట్టినరోజు ఎప్పుడంటే గోడకేసి చూస్తారు గానీ, ఆ నంబరు నిద్రలో లేపి అడిగినా ఒప్పజెప్తారు.

పాకిస్తాన్‌తో యుద్ధం 1971 డిసెంబరు 3న మొదలై 16న ముగిసింది. ఆయన కథ మాత్రం 50 ఏళ్లు దాటినా ఇంకా బసంతర్ నది దాటలేదు. తాతగారు మద్రాస్ సాపర్. శకర్‌గఢ్ వైపు మన ట్యాంకులు నది దాటాలంటే, శత్రువు పాతిన మందుపాతరలు ముందుగా ఏరి దారి చెయ్యాలి. ఆ పని వీళ్లది. చీకట్లో, నేలను పొడిచి చూసుకుంటూ, అడుగడుగునా ప్రాణాలు ఉగ్గబట్టుకుని. వింటే ఒళ్లు జలదరించే సంగతే. చిక్కల్లా, అక్కడికి చేరడానికి ఆయన 1963లో బెంగళూరు ట్రైనింగులో ఇచ్చిన బూట్ల సైజు దగ్గర్నుంచి ఎత్తుకుంటారు. బూట్లు అయ్యేసరికి వినేవాళ్లకి బస్సు వేళవుతుంది. ట్యాంకులు ఇవతలి గట్టునే ఉండిపోతాయి.

పశ్చిమీ స్టార్ పతకం చూపించి "ఇదెందుకిచ్చారు తాతా?" అని మనవడు అడిగితే మాత్రం, "వెళ్లొచ్చినందుకురా" అని ఊరుకుంటారు.

బామ్మగారి యుద్ధం ఇంకా చిన్నది. "ఆ నెలంతా పోస్టుమాను మన వీధిలోకి రాకూడదని దణ్ణాలు పెట్టుకున్నాను. ఉత్తరం సంక్రాంతికొచ్చింది." అంతే. నన్నడిగితే కథ చెప్పడం ఈవిడ దగ్గరే నేర్చుకోవాలి. ఇప్పటికీ ఆయన "చాయ్ లావో!" అని కేకేస్తే, "తెలుగులో అడిగితే ఇస్తాను" అంటుంది వంటింట్లోంచి.

ఆయన చుక్క ముట్టరు. అయినా క్యాంటీన్ రమ్ము కోటా ఒక్క నెల కూడా వదలరు. అల్లుళ్లకి మావగారి మీద గౌరవం అందుకే తగ్గలేదని ఊళ్లో గిట్టనివాళ్లంటారు.

ఇక పెన్షన్ కోసం, బతికున్నానని ఏటేటా బ్యాంకులో రుజువు చేసుకోవాలి. మందుపాతరలు తడిమిన వేళ్లు, ఆపైన పలుగూ పారా పట్టి అరిగిన వేళ్లు, మిషన్‌కి ఆనవు. "తాతగారూ, మీరు కారంటోందండీ" అన్నాడు కుర్ర గుమాస్తా ఓసారి. తాతగారు మడమలు కలిపి నిటారుగా నిలబడి నంబరు అరిచారు. క్యూ అంతా ఉలిక్కిపడింది. మిషన్ ఉలకలేదు. చివరికి కంటిపాప చూపించి బతికి బయటపడ్డారు.

కొలువు చేసింది 24 ఏళ్లు, పెన్షన్ తింటున్నది అంతకంటే ఎక్కువే. 80 నిండగానే 20 శాతం కలిసింది. 85కి 30, 90కి 40, 95కి సగం, నూరేళ్లు నిండితే పెన్షన్‌కి పెన్షనంత! అది తెలిసిన రోజు నుంచీ ఆయన చన్నీళ్ల స్నానం మానేశారు, మజ్జిగలో మిరియప్పొడి వేయించుకుంటున్నారు.

"మరి నాకో?" అంది బామ్మగారు.

"నీకూ 80 దాటితే 20 శాతమేనే. కాకపోతే అది నీ చేతికి రావాలంటే ముందు నేను పోవాలి."

"అయితే వద్దులెండి, ఉన్నదాంతోనే సర్దుకుందాం" అని మిరియాలు దంచడానికి కూర్చుంది.