పౌను ప్రదీపిక

అవతారిక. వ్యాఖ్యకు ఎత్తుకున్న మూలం ‘ఐ లవ్ లూసీ’. అమెరికాలో సీబీఎస్ టీవీలో 1951 అక్టోబర్ 15న మొదలై 1957 దాకా నడిచిన హాస్యకావ్యం. అందులో రెండో సీజన్ తొలి ఎపిసోడ్ ‘జాబ్ స్విచింగ్’ మాత్రమే ఇక్కడ ప్రస్తుతం. ప్రసార తిథి 1952 సెప్టెంబర్ 15. కర్తలు జెస్ ఓపెన్‌హైమర్, మడలిన్ ప్యూ, బాబ్ కారల్ జూనియర్ అనే కవిత్రయం. దర్శకుడు విలియం ఆషర్.

పాత్రలు నాలుగు. లూసీ (లూసిల్ బాల్), ఆమె మగడు రికీ (డెసీ ఆర్నాజ్, వీరు అప్పట్లో బయట కూడా ఆలుమగలే). ఎథెల్ (వివియన్ వాన్స్), ఆమె మగడు ఫ్రెడ్ (విలియం ఫ్రాలీ). రెండో జంట మొదటి జంటకు పొరుగువారు, స్నేహితులు, పైగా ఇంటి ఓనర్లు. ఓనరు వచ్చి తలుపు కొడితే అద్దెకుండేవాళ్లు సంతోషించే ఘట్టాలు ప్రపంచ సాహిత్యంలో అరుదు. ఇక్కడ అది రోజూ జరుగుతుంది. నివాసం న్యూయార్క్, ఈస్ట్ 68వ వీధి, నంబరు 623. ఆ వీధిలో ఇళ్ల నంబర్లు 623కి చేరకముందే నది వచ్చేస్తుంది. అంటే కవులు ఈ రెండు కాపురాలనూ నీళ్ల మీద పెట్టించారు. దీని ధ్వని ఏమిటో సహృదయులే ఊహించుకోవాలి.

సందర్భం. బ్యాంకులో డబ్బు లేకుండా లూసీ చెక్కు రాసింది. రాసి ఊరుకోక, వచ్చే నెల దాకా దీన్ని సాగనివ్వకు నాయనా అని గుమస్తాకు ఆ చెక్కు మీదే విన్నపం కూడా చేసుకుంది. రికీ మండిపడ్డాడు. సంపాదించడం కష్టమా, ఇల్లు నడపడం కష్టమా అని వాదం రేగింది. పక్కింటి వాళ్లూ చెరో పక్షం చేరారు. వారం పాటు ఆడవాళ్లు ఉద్యోగానికి పోవాలి, మగవాళ్లు వంటింట్లో ఉండాలి, ఇదీ ఒడంబడిక.

వ్యాఖ్య అన్నాక పద్యం ఉండాలి. మూలంలో లేదు కనుక వ్యాఖ్యాతే ఆటవెలదిలో కట్టుకోవలసి వచ్చింది.

మనిసి కొక్క పౌను మఱి లేదు తప్పని
నలుగు రికిని నాల్గు నమ్మి పోయ
గిన్నె నిండి పొంగి కెరలిన యన్నమ్ము
వంట యింటి నేలె వసుధ వోలె

టీక. మనిసికి + ఒక్క పౌను = తలకు సుమారు 450 గ్రాముల బియ్యము; మఱి లేదు తప్పని = ఇందులో పొరపాటుకు తావే లేదని; నలుగురికిని నాల్గు = నలుగురు తినేవారు కాబట్టి నాలుగు పౌనులు (ఎక్కము సరిగానే ఉంది); నమ్మి = ఒకరి అజ్ఞానాన్ని మరొకరు ప్రమాణంగా తీసుకొని; పోయ = పోయగా; గిన్నె నిండి పొంగి = స్పష్టము; కెరలిన = విజృంభించిన; అన్నమ్ము = అన్నము; వంటయింటిని + ఏలె = పరిపాలించెను; వసుధ వోలె = భూమండలాన్ని ఏలినట్లు.

మూడో పాదంలో గి-కె యతి చెల్లదనేవారు ముందు ఆ వంటిల్లు తుడిచి రావాలి.

తాత్పర్యము. రికీ, ఫ్రెడ్ కలిసి బియ్యం కొలత తేల్చుకొని వండారు. అన్నం గెలిచింది.

విశేషాలు. నాలుగు పౌనులంటే కిలో ఎనిమిది వందలు. మన ఇళ్లలో ఇది పది పన్నెండు మందికి పెట్టే ఎసరు. పైగా ఉడికితే బియ్యం మూడింతలవుతుంది. అందుచేత ఇక్కడ అలంకారం అతిశయోక్తి అన్న లక్షణకారులతో నాకు పేచీ. అంత బియ్యం మామూలు గిన్నెలో పోస్తే సరిగ్గా ఇలాగే జరుగుతుంది. ఇది శుద్ధ స్వభావోక్తి. రికీ మూత అదుముతాడు, చేతులతో ఎత్తి పోస్తాడు, అన్నం మాత్రం తన మానాన తాను వస్తూనే ఉంటుంది. వరదకు అడ్డంగా నిలబడ్డవాడి ముఖంలో ఉండే మర్యాద అతని ముఖంలో ఉంది.

బియ్యం గురించి నీకేం తెలుసని రికీ అడిగినప్పుడు ఫ్రెడ్ ఇచ్చిన జవాబు ఈ ఘట్టానికి ప్రాణం. తన జీవితంలోని మహా చీకటి రోజుల్లో ఒకనాడు అవి తన నెత్తిన పడ్డాయంటాడు. అక్కడి పెళ్లిళ్లలో దంపతుల మీద బియ్యం చల్లే ఆచారం ఉంది. తలంబ్రాలు ఎరిగిన తెలుగు పాఠకుడికి ఈ చోట వ్యాఖ్య అనవసరం. బియ్యంతో ఫ్రెడ్ పరిచయం అంతటితో సరి. వండితే ఎంత అన్నం వస్తుందో అడగడానికి ఎథెల్ ఇంట్లో లేదు.

ప్రెషర్ కుక్కర్ పేలి కోళ్లు పైకప్పుకు అంటుకోవడం, మేజోళ్లకు గంజి పెట్టడం ఇత్యాదులు సులభగ్రాహ్యాలు కనుక వదిలేశాను. ఫ్రెడ్ ఏడు పొరలని చెప్పి చేసిన కేకు అట్టులా పడుకుంది; దానితో పని చివర్లో పడుతుంది.

ద్వితీయ పద్యము. ఆడవాళ్లు చాక్లెట్ ఫ్యాక్టరీలో చేరారు. ఎథెల్‌ను మొదట పెట్టెలు సర్దే పనిలో పెడితే, లోపల ఏముందో తెలుసుకోవడానికి ఒక్కొక్క చాక్లెట్‌నూ నొక్కి చూసిందట. జిజ్ఞాసువులకు ఉద్యోగాలు నిలవవు. లూసీని చాక్లెట్ ముంచే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. పక్కనున్నావిడ మొహం మీద ఈగ వాలింది. లూసీ చాక్లెట్ చేత్తో దాన్ని కొట్టింది. ఆవిడ తిరిగి కొట్టింది. ఆ వేషానికి నటిని పెట్టకుండా నిజంగా చాక్లెట్లు ముంచే పనిలో ఉన్నావిడనే తెచ్చారు. లోకమంతా నవ్వుతుంటే ఆవిడ ఒక్కతే నవ్వదు, ఎందుకంటే ఆవిడ పని చేసుకుంటోంది. ఈ భాగంలో గొప్ప నటన ఎవరిదంటే నా ఓటు ఆవిడకే.

చివరికి ఇద్దరినీ కదిలే బెల్టు ముందు నిలబెట్టారు. వచ్చే చాక్లెట్‌కు కాగితం చుట్టి పంపాలి. ఒక్కటి చుట్టకుండా అవతలికి పోయినా ఉద్యోగం ఊడుతుంది.

నోట నింత టోపి నొక్కింత రొమ్మున
దాఁపఁ బట్టె ఖాళి దారి యయ్యె
చూచి మెచ్చి యామె సుంత వేగము పెంచు
మనుచుఁ గేక వేసె మరల లోకి

టీక. నోటన్ + ఇంత = బుగ్గలు పట్టినంత; టోపిన్ + ఒక్కింత = నెత్తి మీది తెల్ల టోపీలో కొంత; రొమ్మున = (వ్యాఖ్యాత మౌనము); దాఁపన్ = దాచగా; పట్టె = బెల్టు; ఖాళి దారి అయ్యె = నిర్మానుష్యమైన బాట అయ్యెను; ఆమె = సూపర్‌వైజరు (ఎల్వియా ఆల్మన్); చూచి మెచ్చి = ఒక్కటీ మిగలలేదని సంతోషించి; సుంత = కొంచెము; మరల లోకి = లోపల యంత్రం నడిపేవారిని ఉద్దేశించి.

ఇందులో పూర్వపక్షం ఒకటి ఉంది. చేతకాదని చెప్పి ఆపమనవచ్చు గదా, మింగడం దేనికి? సమాధానం: చుట్టనిది అవతలికి పోరాదన్నదే ఆజ్ఞ. కడుపులోకి పోరాదని ఆజ్ఞలో లేదు. వారు శాసనాన్ని అక్షరాలా పాటించారు. పాటించినందువల్లే పని సక్రమంగా సాగుతున్నట్టు కనబడింది. కనబడింది గనుకే వేగం పెరిగింది. రెండు తప్పులు బయటపడి ఉంటే ఉద్యోగంతో పోయేది. దాచడంలో నెగ్గడమే వారి కొంప ముంచింది. మగవారి పద్యంలో లెక్క ఒప్పై అన్నం పొంగింది, ఆడవారి పద్యంలో దాపరికం ఫలించి చాక్లెట్లు పొంగాయి. ఈ రెండూ ఒకే పద్యమని నా మతం.

పూర్వకవుల అప్పు కూడా చెప్పాలి. మనిషిని తరిమే బెల్టు 1936లో చాప్లిన్ ‘మోడర్న్ టైమ్స్’లోనే ఉంది. ఈ ధారావాహికకు ఛాయాగ్రాహకుడు కార్ల్ ఫ్రాయిండ్; యంత్రాల కింద నలిగే కార్మికుల కథ ‘మెట్రోపొలిస్’కు జర్మనీలో కెమెరా పట్టినవారిలో ఆయనొకరు. అటువంటి కళ్లు మూడు కెమెరాలతో, ఎదురుగా కూర్చున్న ప్రేక్షకుల నవ్వుల మధ్య, లూసీ బుగ్గలను చిత్రించాయి.

అంత్య ఘట్టం. ఇరుపక్షాలూ ఓటమి ఒప్పుకున్నాయి. మగవాళ్లు ప్రేమగా భార్యలకు కానుకలు తెచ్చారు: చెరో అయిదు పౌనుల చాక్లెట్ పెట్టె. వాటిని చూడగానే లూసీ, ఎథెల్ ముఖాల్లో కనబడిన వికారాన్ని వర్ణించడానికి ఆటవెలది చాలదు, సీసం కావాలి. పౌను మీద ఇంత భక్తిగల కవిత్రయం ఆ పెట్టెలను చివరికి ఎవరు తిన్నారో మాత్రం చెప్పలేదు. ఫ్రెడ్ తిన్నాడని నా పక్షం. ఇంట్లో అన్నం నేలపాలు, కోళ్లు పైకప్పున, ఆ ఏడు పొరల కేకు చేసింది తానే.